పేరు మారితే చాలునా?
మానసిక ఆరోగ్య సేవల నామకరణంలో ప్రజల పాత్ర

మన దేశంలో కొన్ని ఊళ్ళ పేర్లు, కొన్ని పేటల పేర్లు తాము చేయని తప్పుకు శిక్ష అనుభవిస్తున్నవి. హైదరాబాదులో ఎర్రగడ్డ ఒక సాధారణమైన పేట. ఆ పేరులో ఉన్నది ఎర్రని నేల మాత్రమే. అయినా తెలుగునాట ఎవరినైనా వెక్కిరించదలచినవారు "ఇతణ్ణి ఎర్రగడ్డకు పంపాలి" అంటారు. తమిళనాడులో ఇదే మాటకు కీల్పాక్కం పేరును వాడుతారు. కేరళలో కుతిరవట్టం, ఊళంపార ఇటువంటి అపకీర్తినే మోస్తున్నవి. హిందీ మాట్లాడే ప్రాంతాలలో ఆగ్రా, రాంచీ నగరాలకు ఈ గతి పట్టింది. సరిహద్దు దాటి బంగ్లాదేశ్ వెళ్తే పాబ్నా, సముద్రం దాటి శ్రీలంక వెళ్తే అంగొడ ఇదే విధంగా హాస్యానికి గురి అవుతున్నవి. భాషలు వేరు, లిపులు వేరు, హేళన మాత్రం ఒక్కటే. ఆయా ఊళ్ళలో మానసిక చికిత్సాలయాలు ఉండటమే ఇందుకు కారణం. ఇది ఉపఖండ ప్రజలు గర్వించదగిన ఐకమత్యం కాదు.

ఈ హేళన వల్ల కలిగే నష్టం చిన్నది కాదు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీశాస్త్ర సంస్థ 2015-16 సంవత్సరాలలో 12 రాష్ట్రాలలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే నిర్వహించింది. ప్రతి నూరుమంది వయోజనులలో పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారని ఆ సర్వేలో తేలింది. రుగ్మతను బట్టి నూటికి 70 నుండి 92 మంది వరకు చికిత్సకు దూరంగా ఉన్నారని కూడా వెల్లడి అయింది. ఇందుకు వైద్యుల కొరత, దూరాభారం, ఖర్చు వంటి కారణాలు అనేకం. వాటితోపాటు బలమైన మరొక కారణం లోకభీతి. జ్వరం వస్తే ఆసుపత్రికి వెళ్ళానని నలుగురిలో చెప్పుకొనే మనిషి, మనసు బాగాలేక వెళ్ళిన సంగతిని సొంత తోబుట్టువులకు కూడా చెప్పడు. ఇంట్లో పెళ్ళికి ఎదిగిన పిల్లలుంటే ఆ భయం మరింత పెరుగుతుంది. గుమ్మం మీది పేరును చూసి ఎవరైనా గుర్తుపడతారేమోనని వెనుదిరిగిన రోగి, వ్యాధి ముదిరిన తరువాత గాని తిరిగి రాడు. అందువల్ల చికిత్సాలయానికి ఏ పేరు ఉండాలన్నది పైపై అలంకారానికి సంబంధించిన విషయం కాదు; అది చికిత్సలో ఒక భాగం.

శరణాలయం నుండి చికిత్సాలయానికి

ఈ సంస్థల పేర్లకు సుదీర్ఘమైన చరిత్ర ఉన్నది. బ్రిటిష్ పాలనలో, 1858లో, వీటి నిర్వహణకు ఒక చట్టం వచ్చింది. ఆ కాలంలో వీటిని 'లూనటిక్ అసైలం' అని పిలిచేవారు. చంద్రుని ప్రభావం వల్ల మతి చలిస్తుందన్న పాతకాలపు నమ్మకం నుండి 'లూనటిక్' అన్న మాట పుట్టింది. 'అసైలం' అంటే శరణు పొందే చోటు. ఈ రెండవ మాట పుట్టుకలో చెడ్డది కాదన్న సంగతి గమనార్హం. దిక్కులేనివారికి నీడనిచ్చే చోటు అన్న సదుద్దేశమే అందులో ఉన్నది. అయితే ఆ గోడల లోపల ప్రజలు చూసింది నీడను కాదు, నిర్బంధాన్ని. కొన్ని దశాబ్దాలు గడిచేసరికి 'శరణాలయం' అన్న మంచి మాట భయం పుట్టించే మాటగా మారిపోయింది.

1918లో రాంచీలో యూరోపియన్ల కొరకు ఒక అసైలం ప్రారంభమయింది. దాని అధిపతిగా పనిచేసిన ఓవెన్ బర్క్‌లీ హిల్ ఈ పేరు రోగులకు చేస్తున్న కీడును గుర్తించి, మార్పు కొరకు కృషి చేసినవారిలో ముఖ్యుడు. 1920 తరువాతి కొద్ది సంవత్సరాలలో దేశంలోని అసైలంలన్నీ 'మెంటల్ హాస్పిటల్' లుగా మారాయి. రాంచీలోని ఆ సంస్థ 1922లో యూరోపియన్ మెంటల్ హాస్పిటల్ అయింది. ఇంకా పలు పేర్లు మారి 1977లో కేంద్రీయ మనోరోగ చికిత్సా సంస్థగా స్థిరపడింది. బెంగళూరులో 1847 నాటి అసైలం 1925లో మెంటల్ హాస్పిటల్ అయింది. 1954లో అక్కడ అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ ఏర్పడింది. 1974లో ఆసుపత్రి, సంస్థ ఏకమై నేడు దేశమంతటా 'నిమ్హాన్స్' అన్న పొట్టి పేరుతో ప్రసిద్ధి పొందిన సంస్థగా రూపొందాయి. ఢిల్లీలో షాదరా మానసిక ఆసుపత్రి స్థానంలో 1993లో మానవ ప్రవర్తన, అనుబంధ శాస్త్రాల సంస్థ వెలిసింది. ఆ పేరులో రోగం అన్న మాటే లేదు.

గుమ్మం మీది పలక మారినంత త్వరగా చట్టం మారలేదు. 1912 నాటి భారత లూనసీ చట్టం స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా అదే పేరుతో కొనసాగింది. 1987లో పార్లమెంటు ఆమోదించిన మానసిక ఆరోగ్య చట్టం 1993 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చేవరకు మన న్యాయస్థానాల కాగితాలలో 'లూనటిక్' అన్న మాట చెలామణి అవుతూనే ఉన్నది. అటు తరువాత 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మనిషిని ముందు నిలిపి, 'మానసిక అస్వస్థత గల వ్యక్తి' అన్న పదబంధాన్ని స్వీకరించింది. వ్యాధి ఆ వ్యక్తికి సంక్రమించిన ఒక స్థితి మాత్రమేనని, అదే అతని గుర్తింపు కాదని ఈ పదబంధం చెప్పకనే చెబుతున్నది.

గోడలు మారనిచోట

ఇన్ని పేర్లు మారినా హేళన ఎందుకు తగ్గలేదు? 1999లో జాతీయ మానవ హక్కుల సంఘం వెలువరించిన నివేదిక ఈ ప్రశ్నకు సమాధానం చూపుతున్నది. దేశంలోని 37 మానసిక చికిత్సాలయాలను పరిశీలించగా, వాటిలో పలు సంస్థలు స్థాపించిన నాటి జైలు వంటి కట్టడాలతోనే నడుస్తున్నవని తేలింది. ఎత్తయిన ప్రహరీలు, తాళాలు వేసిన గదులు అలాగే ఉండగా పలక మీద అక్షరాలు మాత్రం కొత్తవి. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో, గొలుసులతో కట్టి ఉంచిన రోగులు అగ్నిప్రమాదంలో తప్పించుకోలేక ప్రాణాలు కోల్పోయారు. అది ఆసుపత్రి కాదు, స్వస్థత కోరి వచ్చే క్షేత్రం చుట్టూ వెలసిన ప్రైవేటు వసతి. 'ఆశ్రయం' అన్న మాట మాటున ఏమి జరుగగలదో ఆ దుర్ఘటన యావద్దేశానికి చూపింది.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ నిమ్హాన్స్ అన్న పేరు. అది ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాల కూర్పు. అనంతపురం నుండో, చిత్తూరు నుండో బయలుదేరే కుటుంబానికి ఆ అక్షరాలకు అర్థం తెలియకపోవచ్చు. అయినా "బెంగళూరు నిమ్హాన్స్‌లో చూపించాము" అన్న మాటలో 'పిచ్చాసుపత్రి' అన్న మాటలోని బరువు లేదు. తలనొప్పికి, మూర్ఛకు, పక్షవాతానికి, మనోవ్యాధికి ఒకే ఆవరణలో వైద్యం జరగడం, నయమై తిరిగి వచ్చినవారు ఊళ్ళలో కనబడటం ఆ పేరుకు గౌరవం తెచ్చాయి. అర్థం తెలియని పేరు కూడా మంచి సేవ వల్ల మంచి పేరు అవుతుంది. మంచి అర్థం ఉన్న పేరు కూడా చెడ్డ సేవ వల్ల చెడిపోతుంది. నామకరణాన్ని గూర్చి ఆలోచించేవారు మొదట గుర్తుంచుకోదగిన సూత్రం ఇది.

ఆసుపత్రి నుండి ఊరికి

1975 ప్రాంతంలో ఈ రంగంలో ఒక కొత్త ఆలోచన ఆచరణకు వచ్చింది. రోగిని పెద్ద ఆసుపత్రికి రప్పించడానికి బదులు సేవనే ఊరికి తీసుకువెళ్ళాలన్నది ఆ ఆలోచన. బెంగళూరు సమీపంలోని సకలవారలో నిమ్హాన్స్, హర్యానాలోని రాయ్‌పుర్ రాణీలో చండీగఢ్ స్నాతకోత్తర వైద్య సంస్థ ప్రయోగాలు చేశాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులు, ఆరోగ్య కార్యకర్తలు కొద్దిపాటి శిక్షణతో మానసిక రుగ్మతలను గుర్తించి చికిత్స చేయగలరని నిరూపించాయి. ఈ అనుభవం పునాదిగా 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం ప్రారంభమయింది. కర్ణాటకలోని బళ్ళారిలో జిల్లా స్థాయి నమూనా రూపొందింది. 1996-97లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం నాలుగు జిల్లాలలో మొదలయింది: నాటి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్, అస్సాంలోని నగాఁవ్, రాజస్థాన్‌లోని సీకర్, తమిళనాడులోని తిరుచిరాపల్లి.

సేవ ఊళ్ళోకి రావడంతో పేరు సమస్య కొత్త రూపం దాల్చింది. దూరాన ఉన్న పెద్ద ఆసుపత్రికి రహస్యంగా వెళ్ళి రావచ్చు. మండల కేంద్రంలోని ఆరోగ్య కేంద్రంలో, తెలిసినవారందరి ఎదుట, ఒక గది ముందు వరుసలో నిలుచోవాలి. ఆ గది తలుపు మీద ఏమి రాసి ఉన్నదన్నది అక్కడ నిలుచునే మనిషికి ప్రాణసమానమైన విషయం. ఈ సంగతి గ్రహించిన కొన్ని రాష్ట్రాలు రోగం ఊసు లేని పేర్లు ఎంచుకున్నవి. కర్ణాటకలో తాలూకా ఆసుపత్రుల మానసిక సేవకు 'మనోచైతన్య' అని పేరు. మధ్యప్రదేశ్ జిల్లా ఆసుపత్రులలో 'మన్ కక్ష', అనగా మనసు గది, ఏర్పడింది. కేరళలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో కుంగుబాటుకు చికిత్స చేసే విభాగం పేరు 'ఆశ్వాసం'. మలయాళంలో ఆ మాటకు ఊరట అని అర్థం.

మాటలు ఎవరివి?

ఇట్టి పేర్లు సఫలం కావాలంటే, బాధపడేవారు తమ బాధను ఏ మాటతో చెప్పుకొంటారో తెలియాలి. నేపాల్‌లో జరిగిన పరిశోధన ఈ విషయంలో ఎంతో విలువైనది. నేపాలీ భాషలో 'మన్' వేరు, 'దిమాగ్' వేరు. మన్ అనుభూతులకు, జ్ఞాపకాలకు నెలవు. దిమాగ్ ఆలోచనకు, వివేకానికి నెలవు. మన్‌కు బాధ కలగడం మానవ సహజమని అక్కడి సమాజం భావిస్తుంది. దిమాగ్ చెడిందంటే మాత్రం మనిషిని వెలివేసినట్లు చూస్తుంది. 'మానసిక రోగం' అన్న మాట వినగానే జనానికి దిమాగ్ తోస్తుంది. అందువల్ల అక్కడి సంస్థలు 'మనోసామాజిక' సేవ అన్న పేరుతో, మన్‌కు సంబంధించిన మాటలతో ప్రజలను సమీపించాయి. గోవాలో 24 చికిత్సాలయాలలో జరిగిన 'మానస్' అన్న ప్రయోగంలో కూడా కార్యకర్తలు వ్యాధి పేరును ముందు పెట్టక, ప్రజల నోట నానిన 'టెన్షన్' వంటి మాటలతో సంభాషణ ప్రారంభించారు.

తెలుగులో ఇట్టి మాటలకు కొదువ లేదు. కోస్తాలో బెంగ, దిగులు అన్న మాటలు వినబడతాయి. తెలంగాణలో రంది, మనాది అంటారు. "రంది పెట్టుకోకు" అన్న మాటలో ఎంత ఆప్యాయత ఉన్నదో వినేవారికి తెలుసు. 'పిచ్చి' అన్న మాట కూడా అన్నివేళలా తిట్టు కాదు. "పిచ్చితల్లీ" అని బిడ్డను దగ్గరకు తీసుకునే అమ్మ నోట అది ముద్దు మాట. అదే మాటకు 'ఆసుపత్రి' చేరగానే ముళ్ళు మొలుస్తాయి. అనగా దోషం మాటలో లేదు. ఆ మాట వెనుక జనం చూసిన దృశ్యంలో ఉన్నది. ఈ నిజాన్ని గ్రంథాలయంలో కూర్చుని నిఘంటువు తిరగవేసినంత మాత్రాన తెలుసుకోలేము. ఊరివారిని అడగాలి.

అడిగి పెట్టిన పేరు

అడిగి పేరు మార్చిన ప్రసిద్ధ ఉదాహరణ జపాన్‌లో ఉన్నది. అది సంస్థ పేరు కాదు, ఒక వ్యాధి పేరు. అయినా ఆ పద్ధతి సంస్థలకూ వర్తిస్తుంది. వైద్యులు స్కిజోఫ్రీనియా అని వ్యవహరించే వ్యాధికి జపనీస్ భాషలో 'మనసు చీలిన వ్యాధి' అన్న అర్థం గల పేరు ఉండేది. దానిని మార్చాలని 1993లో రోగుల కుటుంబాల జాతీయ సమాఖ్య వైద్యుల సంఘాన్ని కోరింది. వైద్యులు వెంటనే ఒక పేరు ప్రకటించి చేతులు దులుపుకోలేదు. కొన్ని పేర్లను పరిశీలనకు పెట్టి, అభిప్రాయాలు సేకరించి, సుదీర్ఘమైన చర్చ అనంతరం 2002లో 'సమన్వయం తప్పిన స్థితి' అన్న భావం గల పేరును ఆమోదించారు. పేరుతోపాటు వ్యాధి వివరణను కూడా మార్చారు. అది నయం కాగల స్థితి అని నొక్కి చెప్పారు. ఫలితం స్పష్టంగా కనబడింది. 2002లో రోగులలో నూటికి సుమారు 37 మందికి మాత్రమే తమ వ్యాధి పేరు చెప్పేవారు. 2004 నాటికి ఆ సంఖ్య నూటికి సుమారు 70కి చేరింది. వైద్యుని నోట పలకడానికి, రోగి చెవిన పడటానికి యోగ్యమైన పేరు దొరికింది. దక్షిణ కొరియా కూడా 2011లో ఆ బాట పట్టింది. తీగల వాద్యాన్ని శ్రుతి చేయడం అన్న భావంతో అక్కడ పేరు పెట్టుకున్నారు. శ్రుతి తప్పిన వీణ పగిలిన వీణ కాదు; మరల శ్రుతి చేయవచ్చు.

మన దేశంలో 1920 తరువాత జరిగిన మార్పులలో రోగులను గాని, వారి కుటుంబాలను గాని అడిగిన సంప్రదాయం కనబడదు. ఈ లోటును తీర్చే మార్గాన్ని 2017 చట్టం చూపింది. కేంద్ర, రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలలో మానసిక అస్వస్థతను అనుభవించినవారికి, వారిని చూసుకొనే కుటుంబసభ్యులకు ప్రాతినిధ్యం ఉండాలని అది నిర్దేశించింది. తమ సేవకు తామే పేరు పెట్టుకొనే హక్కుకు ఇది సహజమైన పునాది.

నామకరణానికి ఒక క్రమం

ఒక మండల కేంద్రంలోని ఆసుపత్రిలో మానసిక సేవా విభాగానికి కొత్త పేరు పెట్టదలచారని అనుకుందాము. మొదటి పని, ఆ సేవను వాడుకొన్నవారిని, వాడుకొనక తిరిగిపోయినవారిని, వారి కుటుంబాలను వేర్వేరుగా అడగడం. బహిరంగ సభలో నోరు విప్పనివారు ఆశా కార్యకర్తతో ఇంటి అరుగు మీద మాట్లాడుతారు. రెండవది, వచ్చిన పేర్లను ప్రాంతంలోని అన్ని భాషలవారికి వినిపించడం. తెలుగులో ఇంపైన మాట ఉర్దూలోనో, లంబాడీలోనో, కోయలోనో మరొక అర్థం ఇవ్వవచ్చు. మూడవది, ఆ పేరు ఇదివరకే మరొకరిది కాదని చూసుకోవడం. ఉదాహరణకు 'మనోవికాస' అన్న మాట వినసొంపైనదే. కాని సికింద్రాబాదులో 1984లో నెలకొన్న, మేధో వైకల్యం గలవారి జాతీయ సంస్థ ఆవరణకు మనోవికాస్ నగర్ అని పేరు. మేధో వైకల్యం వేరు, మానసిక అస్వస్థత వేరు. ఆ రెంటినీ కలగలిపే పేరు రెండు వర్గాలవారికీ అన్యాయం చేస్తుంది.

నాల్గవది, దాచడానికి, తెలపడానికి మధ్య సమతూకం. పేరు మరీ స్పష్టంగా ఉంటే జనం సిగ్గుపడతారు. మరీ మరుగున ఉంటే అవసరమైనవారికి ఆ చోటు దొరకదు. 'ఊరట' అన్న పేరు కింద చిన్న అక్షరాలతో 'నిద్రలేమి, దిగులు, భయం, మద్యపానం, మనోవ్యాధులకు వైద్యం' అని రాస్తే రెండు ప్రయోజనాలూ నెరవేరుతాయి. అయిదవది అన్నింటికంటె ముఖ్యం: పేరు మారిన రోజునే సేవలో కూడా ఏదో ఒకటి మారాలి. మందులు ప్రతి వారం దొరకడం, మాట్లాడేందుకు చాటు ఉన్న గది, రోగిని ఏకవచనంతో పిలవని సిబ్బంది, వీటిలో ఒక్కటైనా కొత్త పేరుతోపాటు రావాలి. లేనిచో కొన్నేళ్ళకు 'ఊరట' కూడా ఎర్రగడ్డ దారినే పోతుంది.

దేశమంతటికీ ఒక పేరు

2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం నాడు, కేంద్ర ప్రభుత్వం 'టెలీ మానస్' అన్న టెలిఫోను సేవను ప్రారంభించింది. 14416 నంబరుకు ఇరవై నాలుగు గంటలలో ఎప్పుడైనా రుసుము లేకుండా ఫోను చేయవచ్చు. తెలుగుతో సహా 20 భాషలలో సలహాదారులు మాట్లాడుతారు. ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలతోనే కూర్చినా, ఈ పేరు భారతీయుల చెవికి కొత్త కాదు. తెలుగువారి మనసు, తమిళుల మనం, హిందీవారి మన్, వంగీయుల మొన్ అన్నీ ఒకే కుటుంబానికి చెందిన మాటలు. 2024 నాటికి పది లక్షలకు పైగా పిలుపులు ఈ సేవకు వచ్చాయి. ఏ గుమ్మం ముందూ నిలబడనక్కరలేని ఈ ఏర్పాటు, అడగడానికి బిడియపడే వారికి మొదటి మెట్టుగా ఉపకరిస్తున్నది. ఆ తరువాతి మెట్టు మాత్రం ఊరి ఆసుపత్రిలోనే ఉన్నది. అక్కడి తలుపు, అక్కడి పలక, అక్కడి పలకరింపు బాగుండాలి.

విద్యార్థులు తమ ఊరిలో ఈ విషయాన్ని స్వయంగా అధ్యయనం చేయవచ్చు. సమీప ఆసుపత్రిలో మానసిక సేవా విభాగం పేరు ఏమిటి? అది ఏ భాషలో రాసి ఉన్నది? చుట్టుపక్కలవారు దానిని ఏమని పిలుస్తారు? ఇంట్లో పెద్దవారు మనసు బాధను చెప్పుకోవడానికి వాడే మాటలు ఏవి? రోగుల పేర్లు, కుటుంబాల వివరాలు అడగకుండానే ఈ మాటల పట్టిక తయారు చేయవచ్చు. ఒక తరగతి విద్యార్థులు సేకరించిన పట్టిక జిల్లా వైద్యాధికారికి చేరితే, రేపటి పలక మీద ఆ ఊరి మాటే ఉండవచ్చు. అంతకంటె ముందు, తోటి విద్యార్థిని ఎర్రగడ్డ పేరుతో వెక్కిరించడం ఆ తరగతిలో ఆగిపోవచ్చు. దానికి చట్టం గాని, నిధులు గాని అవసరం లేదు.